దేవదానం పోసింది మామూలు నూనే

పెనుకొండ బస్టాండు పక్కన రేకుల కొట్టులో మోటార్ సైకిళ్ల ముందు కాళ్లకు ఆరోగ్యప్రదాతగా వెలుగొందిన శ్రీ దేవదానం గారు ప్రభువు సన్నిధికి చేరారన్న దుర్వార్త హిందూపురం మార్కెట్టు దగ్గర నా చెవిన పడింది. ధర్మవరం బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆదెప్పన్నా, మీ కాళ్ల దేవదానం పోయినాడంట! పొద్దున్నే పోయినాడంట!" అని కేకవేసి, గేరు మార్చుకొని వెళ్లిపోయాడు. ఆ మాట అశనిపాతమై నా శిరస్సు మీద పడింది. దిక్కులు తిరిగాయి. కన్నులకు చీకట్లు కమ్మాయి. మొదలు నరికిన మానులాగా నేల కూలాను.

కూలలేదు. చేతిలో కాఫీ ఉంది. చల్లారిపోతుందని ముందు అది తాగాను. తాగిన తరువాత హోటలు బల్ల మీద కూర్చున్నాను. లేవబుద్ధి కాలేదు. ఎదురుగా నిలిపిన నా బండి ముందు చక్రాన్ని చూస్తూ ఉండిపోయాను. ఇంతే జరిగింది.

చదువరులు నన్ను మన్నించాలి. పట్టునూలు ఏజెంటుగా జీవితమంతా గడిపినవాణ్ణి. హిందూపురంలో నూలు ఎత్తుకొని, పెనుకొండ మీదుగా ధర్మవరం మగ్గాల వాళ్లకు చేర్చడం నా వృత్తి. ముడి నూలును వెలుతురులోకి తిప్పి, దానిలో లేని మెరుపును కూడా కొనేవాడికి చూపించడం ఆ వృత్తిలో భాగం. ఆ గుణం నూలుతో ఆగలేదు, నా మాటల్లోకి కూడా వచ్చేసింది. దేవదానాన్ని గురించి ఇంతకాలం నేను చెప్పినవన్నీ అట్లా వెలుతురులోకి తిప్పి చెప్పినవే. ఈ వ్యాసంలో కూడా తిప్పుతాను, నన్ను నేను ఎరుగుదును. కాకపోతే తిప్పిన ప్రతిసారీ ఒప్పుకొంటాను.

పందొమ్మిది వందల యాభైల నడుమ, మదరాసులో తయారైన మోటార్ సైకిలు ఒకటి కొన్నాను. కొంతకాలం సుఖంగానే నడిచింది. ఆ తరువాత గుంతలో పడినప్పుడల్లా ముందు వైపున రోలులో రోకలి పడ్డట్టు చప్పుడు మొదలైంది. చక్రం పక్కన గొట్టాల మీద నూనె చారలు, ఆ చారల మీద ఎర్రటి దుమ్ము. పెనుకొండలో ఎవరో దేవదానం కొట్టు చూపించారు. మెకానిక్ కొట్టులో మల్లెపువ్వులాంటి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న మనిషి ఒకాయన స్టూలు మీద కూర్చొని ఉన్నాడు. లేవకుండానే బండిని ఎగాదిగా చూశాడు.

"నూనె ఎప్పుడు మార్చినావప్పా?"

"మొన్ననే. ఇంజనులో..."

"ఇంజను సంగతి ఎవురడిగినారు? కాళ్లలో?"

"కాళ్లలో నూనె ఉంటాదా?"

ఆయన చేతిలోని పానా కింద పెట్టాడు. లోపలికి తిరిగి భార్యను పిలిచాడు. "రాహేలూ, ఒకసారి ఇట్ల రా! ఈయప్పను చూద్దువు గానీ. ఇన్నేండ్లుగా బండి తోల్తాండాడంట. దానికి కాళ్లుండేదే తెలీదంట!" రాహేలమ్మ చేతులు తుడుచుకొంటూ వచ్చి, గారడీవాడి ఎలుగుబంటిని చూసినట్టు నన్ను చూసి, "పాపం, నీళ్లన్నా ఇయ్యమంటావా?" అని అడిగింది. నీళ్లు ఎవరికో, నాకో బండికో, ఈనాటికీ తెలియదు.

తెలియనివారి సౌకర్యార్థం చెబుతున్నాను. మోటార్ సైకిలు ముందు చక్రాన్ని రెండు కాళ్లు పట్టుకొని ఉంటాయి. ఒక్కొక్క కాలూ ఒక గొట్టంలోకి దూరిన మరొక గొట్టం. లోపల స్ప్రింగు, దానితో పాటు కొంత నూనె. గుంత వచ్చినప్పుడు స్ప్రింగు ముడుచుకొంటుంది. అది ఎగిరెగిరి పడకుండా నూనె ఆపుతుంది. ఆ నూనె బయటికి రాకుండా రెండు గొట్టాలు కలిసే మూతి దగ్గర ఒక రబ్బరు చుట్టు ఉంటుంది. దాన్ని సీలు అంటారు. సీలు అరిగితే నూనె కారుతుంది, నూనె తగ్గితే బండి కొట్టుకొంటుంది. దేవదానం విద్య అంతా ఈ రెండు కాళ్లలోనే ఉంది.

ఈ విద్యను ఆయన బర్మా రణరంగంలో, ఫిరంగుల గర్జనల నడుమ, గాయపడిన సైనిక వాహనాలకు శుశ్రూష చేస్తూ ఆర్జించాడు. కాదు. పూనా దగ్గర సైన్యం వర్క్‌షాపులో, పంకా కింద నేర్చుకొన్నాడు. ఫిరంగి చప్పుడు ఆయన దీపావళికి మా ఊళ్లో విన్నదే.

గుణాలే చెప్పి ఊరుకొంటే ఆయనే నన్ను తిట్టేవాడు. కాళ్లు తప్ప ఆయనకు మరేమీ రాదు. ఇంజను విప్పితే తిరిగి కూర్చేటప్పుడు ఒకటో రెండో మరలు మిగిలేవి. వాటిని జేబులో వేసుకొని, "కంపెనీవాడు ఎక్స్‌ట్రా ఇచ్చినాడులేప్పా" అనేవాడు. కోపిష్టి. ఇస్త్రీ చొక్కా మీద ఒక్క మచ్చ పడినా ఆ రోజు ఎవరితోనూ సరిగా మాట్లాడడు. పొగడ్త అంటే చెవి కోసుకొంటాడు. ఈ చివరి గుణం ఈ కథకు చాలా ముఖ్యం.

కాళ్లు విప్పినప్పుడు మాత్రం ఆయన వేరే మనిషి. గొట్టాల అడుగున ఉన్న మరను తీసి, పాత నూనెను తెల్లని పింగాణి పళ్లెంలోకి వంచేవాడు. హ్యాండిలు పట్టుకొని మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే చివరి బొట్టు దాకా దిగేది. ఆ పళ్లెం బండి యజమాని ముక్కు కింద పెట్టి, "వాసన చూడు. ఇదీ నువ్వు మింగించిన దుమ్ము" అనేవాడు. ఒకసారి నా పళ్లెంలోకి వేలు ముంచి రుద్ది, "ముదిగుబ్బ దావన పోయినావు కదూ?" అన్నాడు. నేను నిశ్చేష్టుణ్ణయ్యాను. ఆ మహనీయుడు ధూళి వర్ణాన్ని బట్టి గ్రామాన్ని గుర్తించగలడని నలుగురికీ చాటాను. నిజానికి ముదిగుబ్బ బస్సు కండక్టరు నన్ను ఆ దారిలో చూసి ఆయనకు ముందే చెప్పి ఉన్నాడు. ఆ సంగతి రాహేలమ్మ చెప్పింది. నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కొత్త సీలు తొడగడంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. సీలుకు లోపలి వైపు పలచని అంచు ఉంటుంది, దాన్ని ఆయన పెదివి అనేవాడు. "పెదివి నూనె పక్క చూడాల. మన పక్క చూసిందా, నూనె బయటికి నడుస్తాది." గొట్టం కొస కత్తిలాగా ఉంటుంది, సీలును అట్లాగే దూర్చితే పెదివి చీలుతుంది. అందుకని కొసకు గుడ్డ చుట్టి, నూనెతో తడిపి, దాని మీదుగా సీలు జార్చి, తరువాత గుడ్డను కింది నుంచి లాగేసేవాడు. మొదట్లో నూలు గుడ్డ వాడేవాడు. అప్పుడప్పుడు కొత్త సీలు కూడా కారేది. ఒకరోజు నా నూలు మూట మీద కప్పిన పట్టు పీలిక తీసి, వేళ్ల నడుమ నలిపి చూశాడు.

"ఆదెప్పా, ధర్మవరంలో ఇట్లాంటి ముక్కలు పారేస్తారా?"

"పారేస్తారు. ఏమిటికి?"

"నూలు గుడ్డకు నలక ఉంటాది. నలక పెదివి కింద దూరితే నూనెకు దావ చూపించినట్లే. పట్టుకు నలక ఉండదు. తెచ్చియ్యి."

అప్పటినుంచి మగ్గాల దగ్గర కత్తిరించి పడేసిన కొసలు ఏరి తెచ్చి ఇచ్చేవాణ్ణి. అదే పట్టు ముక్కను ఆయన మెరిసే గొట్టం మీద నిలువునా జరిపేవాడు. ఎక్కడైనా పోగు చిక్కుకొందా, అక్కడ తుప్పు కొరికిందని లెక్క. ఆ గొట్టానికి కొత్త సీలు వేయనే వేయడు. "వారానికే చింపుతాది. నీ సీలూ దండగ, నా పేరూ దండగ" అని బండిని అట్లాగే తిప్పి పంపేవాడు.

ఈ సంగతులే నేను ధర్మవరంలో చెప్పి ఉంటే, ఈ రోజు ఈ కాగితం ముందు ఇట్లా తల దించుకొని కూర్చొనేవాణ్ణి కాదు.

ధర్మవరంలో చీరల వ్యాపారి చౌడప్ప కొట్టు ముందు ఎత్తయిన అరుగు ఉంది. సాయంత్రం నలుగురూ చేరే చోటు. ఒకనాడు నేను బండి దిగుతుంటే చౌడప్ప, "ఏమబ్బా ఆదెప్పా, నీ బండి గుంతలో పడినా మూలగదే! ఏం మందు పెడతాడబ్బా ఆ పెనుకొండాయన?" అన్నాడు. అరుగు మీద అందరూ నా వైపు తిరిగారు. శుభ్రంగా కడుగుతాడు, రెండు కాళ్లలోనూ సమానంగా మామూలు ఇంజను నూనె పోస్తాడు, సీలు జాగ్రత్తగా తొడుగుతాడు అని చెప్పాలి. అంతమంది చూస్తున్నప్పుడు ఆ జవాబు నాకు మరీ చప్పగా తోచింది. గొంతు తగ్గించాను.

"ఎవురికీ చెప్పొద్దండి. గానుగలో ఆడించిన వేరుశనగ నూనె. ఎండలో పెట్టి, తేట మటుకే తీసి పోస్తాడు."

"హత్తెరి!" అన్నాడు చౌడప్ప.

ఎవరికీ చెప్పొద్దన్నాను గనుక ఆ మాట ఓబులదేవరచెరువు దాకా పోయింది. వేరుశనగ పండే సీమ మాది. ఆ నూనెకు అంతటి మహిమ ఉందంటే నమ్మడానికి జనం ముందే సిద్ధంగా ఉన్నారు. కొన్నాళ్లకు నేను పెనుకొండ పోతే దేవదానం మండిపడుతున్నాడు. "ఎవుడప్పా ఈ కూత కూసింది? బండిలో నూనె పోస్తానా, వడలు కాలుస్తానా?" నేను కొండ మీది కోట గోడను శ్రద్ధగా పరిశీలించాను. రాహేలమ్మ నన్ను పరిశీలించింది.

అయితే ఆ కూత విని కొత్త బండ్లు రాసాగాయి. ముదిగుబ్బ నుంచి కంట్రాక్టర్లు, కదిరి వైపు నుంచి ఆఫీసర్లు. "దేవదానం గారిదేనా ఈ కొట్టు?" అని 'గారు' తగిలించి అడిగేవాళ్లు. ఒకరోజు చూస్తే అలమరలో ఎదురుగా గాజు సీసా, నిండా వేరుశనగ నూనె. నేను చూసేసరికి ఆయన ముఖం ఎర్రబడింది. "ఉండనీలే. అడిగినోళ్లకు నేనేం చెప్పను. నగి ఊరుకుంటా." కాళ్లలోకి మాత్రం ఎప్పటిలాగే టిన్నులో వచ్చే ఇంజను నూనె పోసేవాడు. అబద్ధాన్ని కన్నది నేను. కొంతకాలం చంకనెత్తుకొన్నది ఆయన. ఆయన మీద ఈ ఒక్క నేరమే మోపగలను. అందులోనూ పెద్ద వాటా నాదే.

బుక్కపట్నంలో నరసింహులు అనే కాంపౌండరు ఉండేవాడు. మంచి మనిషి, కాస్త చొరవ ఎక్కువ. పెనుకొండ దాకా ఎందుకులే అని తానే బండి కాళ్లు విప్పి, వేరుశనగ నూనె పోసుకొన్నాడు. కొంచెం పోస్తే ఇంత మెత్తదనం వస్తే, నిండా పోస్తే ఇంకెంత వస్తుందోనని మూతి దాకా పోశాడు. బండి కాలిలో పైన కొంత ఖాళీ ఉండాలి. లేకపోతే గుంత దెబ్బకు నూనె ఎటూ పోలేక సీలును తన్నుతుంది. కొన్నాళ్లు చీమలు బారు కట్టి అతని బండి కాళ్లు ఎక్కితే చూసినవాళ్లు నవ్వుకొన్నారు, నేను కూడా నవ్వాను. ఆ తరువాత పెనుకొండ దగ్గర వాలులో సీలు తన్నేసి, నూనె ముందు బ్రేకులోకి దిగింది. బ్రేకు పట్టలేదు. నరసింహులు మలుపులో బండతో సహా పడి తొడ ఎముక విరగ్గొట్టుకొన్నాడు. బండ కాదు, బండి. కలం తప్పింది, ఇది నటన కాదు.

ఆసుపత్రికి నేనూ దేవదానం కలిసే పోయాం. నరసింహులు మంచం మీద మూలుగుతూ, మమ్మల్ని చూసి నవ్వబోయాడు.

"నీ మందే పోసినా దేవదానం. కొలత తప్పినట్లుండాది."

దేవదానం మంచం పట్టె పట్టుకొన్నాడు. "నరసింహులన్నా, ప్రభువు తోడు. నేను ఏ పొద్దూ వేరుశనగ నూనె పోయలేదు. టిన్ను నూనె. అంగట్లో అమ్మేది. ఆ సీసా ఊరికే పెట్టినా."

నరసింహులు అంత నొప్పిలోనూ కన్ను గీటాడు. "చూడు, చూడు! కాలు ఇరిగినోనికి గూడా చెప్పడు, గట్టోడు!"

కొట్టుకు వచ్చీ రాగానే దేవదానం సీసా తీసి నూనెను కాలువలో పారబోశాడు. ఆ రోజు నుంచి వచ్చిన ప్రతివాడికీ టిన్ను చూపించి, వాళ్ల ఎదుటే మూత తీసి పోయడం మొదలుపెట్టాడు. ఎవరూ నమ్మలేదు. "ఈ టిన్ను చూపించేదానికిలే" అనేవాళ్లు కొందరు. "మంచిది ఆఫీసర్లకు దాచిపెట్టినాడు, మనకు ఇది పోస్తాండాడు" అని అలిగి పోయినవాళ్లు కొందరు. ఇంటికి పోయి నరసింహులు లాగా సొంతంగా పోసుకొన్నవాళ్లు ఇంకా కొందరు. నూనె బంక కట్టి బిగిసిపోయిన కాళ్లను తోసుకొంటూ తెచ్చి, "నీ మందు పని చేయలేదప్పా" అని ఆయన మీదే అరిచేవాళ్లు. అంత కోపిష్టి మనిషీ కింద కూర్చొని ఆ బంకను గీకి కడిగేవాడు. పొగడ్త కోసం చెవి కోసుకొనే మనిషికి, చేసిన పని మీద ఒక్క పొగడ్తా రాలేదు. వచ్చినవన్నీ చేయని పని మీదే.

ఒకరోజు నన్ను కూర్చోబెట్టి అడిగాడు. ఆయన ఏది అడిగినా అరిచి అడిగేవాడు. అది మాత్రం మెల్లగా అడిగాడు.

"ఆదెప్పా, ఆ మాట నీదేనని నాకు మొదట్నుంచి తెలుసు. దాన్ని ఎనక్కి తీసుకునేది గూడా నీతోనే అయితాది. నేను చెప్తే దాస్తాండాడంటారు. నువ్వు చౌడప్ప అరుగు మీద, నలుగురూ ఉన్నప్పుడు చెప్పు. నా చేతి పని ఏందో తెలిసేట్లు చెప్పు."

"చెప్తాలే" అన్నాను.

చెప్పాలనే పోయాను. అరుగు మీద ఎవరో కొత్త ఆసామి ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే చౌడప్ప, "ఆదెప్పా, ఆ నూనె కథ ఈయనకు చెప్పు, నీ నోట వింటేనే బాగుంటాది" అన్నాడు. చెప్పాను. ఈసారి ఎండతో పాటు వెన్నెల కూడా చేర్చాను.

సమాధి కార్యక్రమానికి పెనుకొండ పోయాను. ఇది మొన్నటి మాట. పాస్టరు గారు ప్రార్థన చేసి, దేవుడు ఈ సీమకిచ్చిన వేరుశనగతోనే అద్భుతం చేసిన దేవదానం గారు అంటూ నాలుగు మాటలు చెప్పారు. రాహేలమ్మ నన్ను పక్కకు పిలిచింది. "అన్నా, ఆ నూనె మాట నువ్వన్నా చెప్పిపో. ఆయప్పకు అదొక్కటే బాధగా ఉన్నింది" అంది. లేచి నిలబడ్డాను. ముదిగుబ్బ, ఓబులదేవరచెరువు నుంచి కూడా జనం వచ్చారు. అందరి కంటే ముందు నరసింహులు, కర్ర మీద ఆనుకొని, ఎక్కడ మొదలుపెడతానా అని నా ముఖంలోకి చూస్తున్నాడు. "దేవదానం పోసింది..." అన్నాను. ఆ ముఖాలన్నీ విచ్చుకొన్నాయి. చిన్నప్పటి నుంచి నేను బతికింది ఆ విచ్చుకొనే ముఖాల కోసమే. నా నాలుక తన దారిన తాను పోయింది. ఎండ చెప్పాను, వెన్నెల చెప్పాను, చిటికెడు కర్పూరం కూడా చేర్చాను. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. రాహేలమ్మ తల ఎత్తలేదు. పక్కనున్న ఆడవాళ్లు లేపితే లేచి, నాకు ఎదురు రాకుండా చుట్టు తిరిగి ఇంటికి పోయింది.

అందుకే నాలుకను నమ్మక కలాన్ని పట్టాను. ఇది చదివే మోటార్ సైకిలు యజమానులారా, దేవదానం ఏ రోజూ, ఎవరి బండిలోనూ వేరుశనగ నూనె పోయలేదు. ఆయన రహస్యం ఏమీ లేదు. పాత నూనె చివరి బొట్టు దాకా దించడం, లోపలి మడ్డి కడగడం, మందు కొలిచే గ్లాసుతో కొలిచి రెండు కాళ్లకూ సమానంగా పోసి పైన ఖాళీ వదలడం, తుప్పు కొరికిన గొట్టాన్ని నిర్దాక్షిణ్యంగా తిప్పి పంపడం, పట్టు ముక్క మీదుగా సీలు జార్చడం. ఇంతే. ఈ ఇంతను ఆయన కొట్టు తెరిచిన ప్రతి రోజూ చేశాడు.

ఈ కాగితాలను నిన్న హిందూపురం కాఫీ హోటల్లో నలుగురికి చదివి వినిపించాను. నరసింహులు కన్ను గీటిన చోట విరగబడి నవ్వారు. చివరిదాకా విని ఒకాయన, "భలే కట్టినావు తాతా! వేరుశనగ కథ కంటే ఇదే బాగుండాది. అదిసరేగానీ, కర్పూరం ఎంత వేస్తాడు?" అన్నాడు. నేనే పెంచిన పంట ఇది, కోసుకోవడం కూడా నేనే కోసుకోవాలి. అయినా అచ్చుకు పంపుతున్నాను.

దేవదానం, హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఈ దారిలో బండి కాలు విప్పి, దాని రోగం చెప్పి, చొక్కాకు మచ్చ పడకుండా తిరిగి నిలబెట్టే చేయి ఇక లేదు. నా బండి ముందు కాలు కారుతోంది. తుడిచి తుడిచి నడుపుతున్నాను. మరొకరి చేతిలో పెట్టడానికి మనసు రావడం లేదు. నీకు నా నివాళి ఇదే. మెరుగు పెట్టకుండా ఇచ్చినది నా జీవితంలో ఇదొక్కటే.

చివర ఒక్క వాక్యం రాయాలని కలం ఉరుకుతోంది. కిందటి నెల మంచాన పడి ఉన్న నిన్ను ఆఖరిసారి చూడవచ్చినప్పుడు, నువ్వు నా చేయి పట్టుకొని "పోనీలే ఆదెప్పా" అన్నావని. అట్లా రాస్తే చదివేవాళ్లు కళ్లు తుడుచుకొంటారు, నాకు కూడా కాస్త నిద్ర పడుతుంది. నువ్వు అట్లా అనలేదు. "అరుగు మీద చెప్పినావా?" అని అడిగావు. "చెప్తాలే" అన్నాను. నువ్వు గోడ వైపు తిరిగి పడుకొన్నావు.